తిప్పయ్య తాగిన మందు

తిప్పయ్యను ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్ళు కాదు. "ఆగప్పా" అనేవాళ్ళు. ఎవరేం చెప్పినా అతని నోట్లోంచి ముందుగా వచ్చే మాట అదే. వాన వచ్చేట్టుందంటే ఆగప్పా. కదిరి సంతలో ఉన్ని ధర పెరిగిందంటే ఆగప్పా. సర్కారు వాళ్ళు బోరు వేసి, అందులో నీళ్ళు పడి, ఊరంతా బిందెలెత్తుకుని పరుగెత్తిన రోజున కూడా ఆగప్పా. ముదిగుబ్బకు ఆరు మైళ్ళ దూరంలో, రాళ్ళగుట్టల నడుమ ఉన్న ఊరది. నలభై గడపల కురుబవాళ్ళు. అందరికీ గొర్రెలుండేవి, అందరికీ కష్టాలుండేవి. అనుమానం మాత్రం ఊరందరిదీ కలిపి తిప్పయ్య ఒక్కడి వాటాకే వచ్చినట్టుండేది.

ఈ గుణం అతనికి డెబ్బై రెండు కరువులో పట్టుకుంది. అప్పటికి పాతికేళ్ళవాడు, ఎవరేం చెప్పినా తలూపేవాడు. ఆ ఏడు వానల్లేక జొన్న మోకాలెత్తు దాటలేదు. అట్లా ఎండకు గిడసబారిన జొన్నకు నాము ఎక్కుతుంది. అంటే మొక్కలోనే విషం పుడుతుంది. కంటికి కనిపించదు, వాసన రాదు. చేను రైతు మంచివాడే, మంచికే చెప్పాడు, నిన్న తన ఎద్దులు మేశాయి, ఏమీ కాలేదు, తోలుకోమన్నాడు. తిప్పయ్య మందనంతా ఒక్కసారిగా తోలాడు. ఎద్దులు మేసింది చేను పైభాగంలో, గొర్రెలు దిగింది కింది భాగంలో. అవి గట్టు దాటి రాకముందే నలభై రెండు గొర్రెలు కాళ్ళు తన్నుకుని పడిపోయాయి.

అతని నాయన ఈశ్వరప్ప చచ్చిన గొర్రెల మధ్య చాలాసేపు కూర్చున్నాడు. కొడుకును తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కటే చెప్పాడు.

"ముందర ఒక్కదాన్ని తోలల్ల. అది పడుకొని నెమరేసినాక తక్కినవాటిని తోలల్ల. ఆ ఒక్కటీ మనదే అయ్యుండల్ల, ఇంగొకనిది కాదు."

అప్పటినుంచి తిప్పయ్యకు అదే శాసనం. కొత్త చెరువు నీళ్ళయినా, కొత్త ఉప్పయినా, కొత్త మందయినా ముందు ఒక ముసలి గొర్రెకు పెట్టేవాడు. దాని ఎదురుగా గొంతుక్కూర్చుని, కంబళి కప్పుకుని, అది నెమరు వేసేదాకా కదిలేవాడు కాదు. పశువుల ఆసుపత్రి కాంపౌండరు అంజినప్ప చిటుక రోగానికి టీకాలు తెచ్చినప్పుడల్లా ఇదే తంతు. ఊళ్ళో మందలన్నీ ఎండెక్కేలోగా అయిపోయేవి. తిప్పయ్య మందలో మాత్రం ఒక్క గొర్రెకు సూది పడేది. మిగతావాటికోసం అంజినప్ప మర్నాడు మళ్ళీ సైకిలు తొక్కుకుంటూ, తిట్టుకుంటూ రావాల్సిందే. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ తర్వాత పన్నెండేళ్ళలో తిప్పయ్య మందలో అట్లాంటి చావు మళ్ళీ రాలేదు. అందుకని అతని అనుమానాన్ని చూసి నవ్వేవాళ్ళేగాని తప్పని చెప్పేవాళ్ళు లేకపోయారు. గొర్రెల దగ్గర పనికొచ్చింది ఇంట్లో కూడా పనికొస్తుందని అతను అనుకున్నాడు.

ఇంట్లో ఉన్నది లక్ష్మక్క. పిల్లలు నిలవలేదు, రెండు కాన్పులూ పోయాయి. ఉన్ని వడకడంలో ఆమెకు సాటి వచ్చే ఆడమనిషి ఆ చుట్టుపక్కల లేదు. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేత్తో ఉన్ని లాగుతుంటే దారం ఎక్కడా ముడి పడకుండా వచ్చేది. కంబళ్ళు నేసేవాళ్ళు ఆమె దారం కోసం ఇంటిదాకా వచ్చి కూర్చునేవాళ్ళు. ఎనభై రెండులో ఆమెకు ఆయాసం మొదలైంది. బిందెతో మిట్ట ఎక్కితే రొమ్ము మీద రాయి పెట్టినట్టుంటుందని చెప్పింది. తిప్పయ్య నమ్మలేదు. నీళ్ళు మోసేటప్పుడే వచ్చే ఆయాసం రాట్నం ముందు ఎందుకు రాదని లెక్క తీశాడు. ఒకరోజు ఆమె బావికి పోతుంటే తంగేడు పొదల వెనక దాక్కుని చూశాడు. ఎవరూ లేనప్పుడు కూడా ఆమె మూడుచోట్ల కూర్చుంది, మూడుచోట్లా రొమ్ము పట్టుకుంది. అప్పుడైనా నమ్మి ఉండాల్సింది. తాను పొదల వెనక ఉన్నట్టు ఆమెకు తెలిసిపోయిందేమోనని అనుమానించాడు. మనిషికి ఇంతకన్నా బుద్ధి తక్కువ ఉంటుందా అని మనకు కోపం వస్తుంది. రావాల్సిందే.

రెండేళ్ళు అట్లాగే గడిచాయి. ఒక పొద్దున ఆమె బావి గట్టు మీద దగ్గితే దోసిట్లో నెత్తురు పడింది. ఆ రోజు ఇంటికొచ్చి ఉన్న ఆమె తమ్ముడు తిమ్మన్న, బావను అడగకుండానే అక్కను బస్సెక్కించి అనంతపురం తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి విని, చీటీ రాసి బెంగళూరు పంపాడు. తిప్పయ్య మందలో సగం అమ్మి, ధర్మవరంలో రైలెక్కి వెనకే పోయాడు. దారి పొడుగునా అతనికి ఒకటే ఆలోచన. ఆమె చెప్పింది నిజమే అయింది. రెండేళ్ళు తాను నమ్మలేదు. ఈసారి ఏ తప్పూ జరగనివ్వకూడదనుకున్నాడు. తప్పు జరగకుండా ఉండడానికి అతనికి తెలిసిన దారి ఒక్కటే. మరింత అనుమానించడం.

బెంగళూరులో అది పెద్ద ఆసుపత్రి. అందులో కోలారు వైపు నుంచి వచ్చిన గంగాధరప్ప అనే డాక్టరు తెలుగు మాట్లాడేవాడు. అతనే వీళ్ళకు అంతా విడమరిచి చెప్పాడు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం వల్ల గుండె లోపలి తలుపు ఒకటి బిగుసుకుపోయింది. దాన్ని తీసేసి చేసిన తలుపు పెట్టాలి. అందుకు గుండెను కాసేపు ఆపి, నెత్తురును బయట ఒక యంత్రంలో తిప్పాలి. యంత్రంలో గడ్డ కట్టకుండా నెత్తురును పల్చబరిచే మందు ఎక్కిస్తారు. తిప్పయ్య అంతా విని, గుండె ఆపితే మనిషి ఉన్నట్టా లేనట్టా అని అడిగాడు. ఉన్నట్టే అన్నాడు డాక్టరు. తిప్పయ్య తిమ్మన్న వైపు చూశాడు. ఆపరేషనుకు నెత్తురు కావాలంటే బావా బామ్మర్దులిద్దరూ ఇచ్చారు. తిమ్మన్న ఇచ్చి పడుకున్నాడు. తిప్పయ్య ఇచ్చి, లేచి, తన సీసా ఏ గదిలోకి పోతుందో చూడ్డానికి గోడ పట్టుకుని దాని వెనకే నడిచాడు.

ఎనభై నాలుగు ఎండాకాలం, ఒక మంగళవారం పొద్దున లక్ష్మక్కను లోపలికి తీసుకుపోయారు. మధ్యాహ్నం దాటాక బయటికి తెచ్చి మరో గదిలో పడుకోబెట్టారు. ఆ గది తలుపుకు చిన్న అద్దం ఉంది. అందులోంచి చూస్తే ఆమె ముఖం కనపడలేదు. మంచం కిందుగా ఒక గాజుసీసా కనపడింది. రొమ్ములోంచి వచ్చిన గొట్టం అందులోకి దిగుతోంది. సీసాలో ఎర్రగా ఉంది, అది పెరుగుతోంది.

రెండున్నరకు గంగాధరప్ప బయటికి వచ్చాడు. నెత్తురు ఆగాల్సినంతగా ఆగడం లేదన్నాడు. యంత్రంలో తిరిగి వచ్చిన నెత్తురు ఒక్కోసారి గడ్డ కట్టే గుణం పోగొట్టుకుంటుంది, కట్టిన గడ్డ కూడా మళ్ళీ కరిగిపోతుంది. అట్లా కరగకుండా పట్టి ఉంచే మందొకటి ఉంది. ఆసుపత్రిలో ఉన్నది పొద్దున ఇంకొకరికి వాడేశారు, బయట అంగళ్ళలో దొరుకుతుంది. చీటీ మీద ఆరు సీసాలని రాసిచ్చి, జల్దీ తెమ్మన్నాడు. తిమ్మన్న నెత్తురిచ్చి నీరసంగా ఉన్నాడని తిప్పయ్యే చీటీ తీసుకున్నాడు. కథంతా అక్కడే తప్పుదారి పట్టింది.

దిగుతూ దిగుతూ మెట్ల మీదనే అనుమానం మొదలైంది. పొద్దున నెత్తురు పల్చబడాలన్నారు. ఇప్పుడు గట్టిపడాలంటున్నారు. ఇందులో ఏది నిజం. మొదటి అంగట్లో మందు లేదు, రెండో అంగట్లో లేదు. మూడో అంగట్లో వాడు చీటీ చూసి లోపలికి పోయి, వెనక అర నుంచి ఒక అట్టపెట్టె తీసి, దాని మీది దుమ్ము ఊది, ఆరు గాజుసీసాలు లెక్కపెట్టి ఇచ్చాడు. చిటికెన వేలంత సీసాలు, లోపల నీళ్ళలాంటి మందు. నాలుగింటి మీద అచ్చు నీలంగా ఉంది, రెండింటి మీద నల్లగా ఉంది. ఎందుకని అడిగితే వేరే వేరే నెలల్లో తయారైనవి, మందు ఒకటేనన్నాడు అంగడివాడు. నిన్న నా ఎద్దులు మేశాయన్న రైతు గొంతు కూడా ఇట్లాగే ఉండింది, ఇంత మామూలుగా.

తిప్పయ్య ఆసుపత్రి వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. రెండేళ్ళు ఆమె మాట నమ్మకుండా ఒక తప్పు చేశాడు. ఇప్పుడు ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడి మాట నమ్మి ఆమె ఒంట్లోకి దీన్ని పంపిస్తే అది ఇంకో తప్పు. ముందర ఒక్కదానికి పెట్టాలి. కానీ బెంగళూరులో ముసలి గొర్రె ఎక్కడ దొరుకుతుంది. పెట్టేది మనదే అయ్యుండాలి కూడా. అతనిదని చెప్పుకోవడానికి ఆ ఊళ్ళో అతని ఒళ్ళు తప్ప ఇంకేమీ లేదు.

ఆసుపత్రి ప్రహరీ వెనక, ఆగి ఉన్న లారీ నీడలో కూర్చున్నాడు. నల్ల అచ్చు ఉన్న సీసా ఒకటి తీసి, అంజినప్ప విరిచినట్టే మెడ విరిచి, గుక్కలో తాగేశాడు. కొంచెం చేదుగా ఉంది. తర్వాత గొర్రెల గిట్టలు చెక్కే కత్తితో ఎడమ అరచేతి మీద గీరుకుని నెత్తురు ఎట్లా కారుతుందో చూశాడు. ఎప్పుడూ కారినట్టే కారింది, ఎప్పుడూ ఆగినట్టే ఆగింది. దాంతో ఏమీ తేలలేదు. గొర్రె అయితే నెమరు వేస్తే క్షేమమని తెలుస్తుంది. మనిషికి నెమరు లేదు కాబట్టి ఎదురుగా ఉన్న టీ బంకులో ఒక బన్ను తీసుకుని తిని, అది కడుపులో నిలుస్తుందో లేదో చూడాలనుకున్నాడు. తిన్నాడు. నిలిచింది. కళ్ళు తిరగలేదు, కాళ్ళు వణకలేదు, చెమట పట్టలేదు. లారీ నీడ అతని మోకాళ్ళ దగ్గర్నుంచి గోడ దాకా జరిగింది. అప్పుడు లేచి, మందు మంచిదేనని తృప్తిగా ఐదు సీసాలూ కంబళి కొంగులో మూటగట్టుకుని బయల్దేరాడు. ఆ నడకలో అతను జీవితంలో ఎన్నడూ లేనంత ధైర్యంగా ఉన్నాడని తర్వాత తానే ఎవరితోనో చెప్పుకున్నాడు.

మెట్ల మీద తిమ్మన్న ఎదురొచ్చాడు. మనిషి ముఖం చూడలేనట్టుంది. అంగళ్ళన్నీ వెతికాడట. కంబళి మనిషి మందు కొనుక్కుని ఎప్పుడో పోయాడని మూడో అంగడివాడు చెప్పాడట. బావ భయపడి ఊరికి పారిపోయాడని తిమ్మన్న నిశ్చయించుకున్నాడు. లోపల సీసా నిండి, దాన్ని మార్చి, రెండోది సగం అయింది. లక్ష్మక్క నాడి అందడం లేదు. రొమ్ము మళ్ళీ తెరవడానికి లోపలికి తీసుకుపోతున్నారు.

నర్సు మూట విప్పి లెక్కపెట్టింది. ఐదున్నాయి. చీటీ చూసింది, ఆరు. అతని అరచేతి మీద ఎండిన నెత్తురు చూసింది. ఆరోది ఎక్కడ అమ్ముకున్నావని కన్నడంలో అడిగింది. తిప్పయ్యకు కన్నడం బాగానే వచ్చు. ఎదుటివాడు తనను అనుమానంగా చూడడమంటే ఏమిటో అతనికి ఆ క్షణం దాకా తెలియదు. గంగాధరప్ప ముఖానికి గుడ్డ కట్టుకుంటూ వచ్చి, ఐదు సీసాలూ నర్సుతో లోపలికి పంపి, అతని వైపు తిరిగాడు.

"ఇంకొకటి ఏమైంది?"

"నేను తాగినా సార్."

"ఎందుకు?"

"ఏమన్నా అయ్యేదుంటే ముందర నాకు కావల్ల అని. ఏమీ కాలే సార్. మంచి మందే."

డాక్టరు అతని వంక ఒకసారి చూశాడు. కోప్పడడానికి కూడా అప్పుడు టైము లేదు. లోపలికి వెళ్ళిపోయాడు.

లక్ష్మక్క బతికింది. రొమ్ము తెరిచి, కారుతున్న చోటు కుట్టి, మందు ఎక్కించాక నెత్తురు ఆగింది. మూడో రోజు కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. గ్లాసు అందుకోబోతే ఎడమచెయ్యి లేవలేదు. కాలు ఆడింది, మాట వచ్చింది, చెయ్యి మాత్రం మంచం మీద తనది కానట్టు పడి ఉంది. గుండెలోంచి చిన్న నెత్తురుగడ్డ ఏదైనా మెదడుకు పోతే ఇట్లా అవుతుందని, ఇటువంటి ఆపరేషన్లలో నూటికి ఒకరిద్దరికి వస్తుందని గంగాధరప్ప చెప్పాడు. తిప్పయ్య అతన్ని నడవలో పట్టుకుని, తాను లారీ నీడలో కూర్చున్న ఆ గంట వల్లనే వచ్చిందా అని అడిగాడు. దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు డాక్టరు. మందు వెంటనే వచ్చినా రెండోసారి తెరవాల్సి వచ్చేదేమో, ఎవరూ చెప్పలేరన్నాడు. మంచి మనిషి. నిజమే చెప్పి ఉంటాడు.

సంగతి లక్ష్మక్కకు నర్సు నోటి నుంచే తెలిసింది. ఆ నర్సుకు అప్పటికి అది నవ్వుకునే కథ అయిపోయింది. తిప్పయ్య గంజి తాగిస్తుంటే లక్ష్మక్క మెల్లగా అడిగింది.

"ఎంతసేపు కూర్చుంటివి?"

"గంట పైనే."

ఆమె గంజి మింగింది.

ఊరికి వచ్చాక ఊరంతా ఒకే తీర్పు చెప్పింది. చెయ్యి పడిపోయింది ఆ మందు వల్లనే. నెత్తురు గడ్డ కట్టించే మందు ఎక్కిస్తే ఆ గడ్డ తలలోకి పోదా మరి. చదువుకున్నవాళ్ళు కూడా ఔనన్నారు. అంజినప్ప కూడా ఉండొచ్చన్నాడు. బావతో రెండు నెలలు మాట మానేసిన తిమ్మన్న సైతం చివరికి మెత్తబడి, "మందే బావా, ఇంగ ఇడిచిపెట్టు" అన్నాడు. జన్మంతా ప్రతి మందునూ అనుమానించిన మనిషికి ఊరు ఊరంతా కలిసి ఒక అనుమానాన్ని వండి వడ్డించింది. తినడమే తరువాయి. తిప్పయ్యకు అది గొంతు దిగలేదు. దానికి అతని దగ్గర గట్టి కారణం ఉంది. అదే మందు తానూ తాగాడు. మందులో దోషముంటే ముందు తనకు కావాలి. తనకేమీ కాలేదు, రెండు చేతులూ దుక్కల్లా ఉన్నాయి. నాయన చెప్పిన లెక్క ప్రకారం మందు శుద్ధమైనదే. మందు తప్పు కాకపోతే ఇక మిగిలింది ఆ గంట. ఎంత తిప్పి చూసినా లెక్క అక్కడికే వచ్చేది.

ఆ తర్వాత నాలుగేళ్ళు, ఏడాదికోసారి బెంగళూరులో చూపించుకు వచ్చేవాళ్ళు. గంగాధరప్ప లక్ష్మక్క రొమ్ము వినడం అయిపోగానే తిప్పయ్య అదే ప్రశ్న అడిగేవాడు, ఒక్కోసారి ఒక్కో వైపు నుంచి. గంట కాక అరగంటయితే? ఐదు కాక ఆరు ఎక్కించి ఉంటే? డాక్టరు ప్రతిసారీ విసుక్కోకుండా అదే జవాబు చెప్పేవాడు. తిప్పయ్య చేతులు కట్టుకుని వినేవాడు. నమ్మాలనే వినేవాడు, ఆ ఒక్కటీ నమ్మగలిగితే చాలని దేవుడికి మొక్కుకుని మరీ వినేవాడు. రైలు హిందూపురం దాటేలోగా అనుమానం తిరిగి వచ్చేది. జాలిపడి చెప్పాడేమో. పేదవాణ్ణి ఏడిపించడం ఎందుకని చెప్పాడేమో.

ఎనభై ఎనిమిదిలో వెళ్ళినప్పుడు గంగాధరప్ప తాను వేరే ఊరికి మారిపోతున్నానని చెప్పాడు. ఇక ఈ ప్రశ్న అడగడానికి లోకంలో మనిషి ఉండడు. ఊరికి వచ్చిన మర్నాడు పొద్దున ఇద్దరూ వసారాలో రాట్నం ముందు కూర్చున్నారు. చెయ్యి పోయినా లక్ష్మక్క రాట్నం మానలేదు. ఆమె కుడిచేత్తో చక్రం తిప్పుతుంది, ఎడమచెయ్యి చేయాల్సిన పని తిప్పయ్య చేస్తాడు. అతని మొరటు వేళ్ళలో ఉన్ని ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా సాగి, జానకోసారి తెగుతుంది. ఆ దారం కోసం ఇప్పుడు ఎవరూ ఇంటిదాకా రారు. ఆ రోజు తెగిన దారం ముడివేస్తూ తిప్పయ్య, ఆ డాక్టరు పోతూ పోతూ అయినా నిజం చెప్పి ఉండొచ్చు కదా అని గొణిగాడు.

లక్ష్మక్క చక్రం ఆపింది.

"డాక్టరు కాదంటే నమ్మకపోతివి. తిమ్మన్న కాదంటే నమ్మకపోతివి. నేను ఔనంటే నమ్ముతావేమప్పా?"

తిప్పయ్య ఆమె ముఖంలోకి చూశాడు.

"నమ్ముతా."

"అయితే ఔను. నీ వల్లనే పోయింది నా చెయ్యి. ఇంగ ఆ ఉన్ని సరిగ్గా పట్టు."

మళ్ళీ చక్రం తిప్పింది. తిప్పయ్య ఉన్ని పట్టుకున్నాడు. ఆగప్పా అనలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె మాట అతను విన్న తక్షణం నమ్మడం అదే మొదలు. విసుగొచ్చి ఆ మాట అనిందో, నాలుగేళ్ళుగా కడుపులో దాచుకున్నదే అనిందో ఆమె ముఖం చూస్తే తెలియలేదు. అడిగి తెలుసుకోవడానికి అతనికి ధైర్యం చాలలేదు.